బాల్కనీ ఎవరికి?

అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడల్లా అందరిళ్ళల్లో జరిగేదే మా ఇంట్లోనూ జరుగుతుంది. మొదటివారం నిద్ర తేడాలు. రెండోవారం గుడి, కాస్ట్‌కో, మా ఆఫీసు బిల్డింగు (బయటనుంచి). మూడోవారానికల్లా "ఇక్కడ రోడ్డు మీద మనిషే కనపడడేంట్రా" అని నాన్నగారు మొదలెడతారు, "తిరుగు టికెట్టు ముందుకి జరిపితే ఎంత పట్టుకుంటారు నాన్నా" అని అమ్మ అందుకుంటుంది. 2023 జూన్‌లో ఆ మూడోవారం వచ్చేలోపే ఏదో ఒకటి చెయ్యాలని ముందే నిశ్చయించుకున్నాను.

నాన్నగారికి అప్పటికి 74. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఎల్లోస్టోన్ అంటే నడక, న్యూయార్క్ అంటే ఇంకా నడక. మేముండేది సియాటిల్ పక్కనే. అరగంట కారు నడిపితే అలాస్కా వెళ్ళే ఓడలుంటాయి. పెట్టె ఒకసారి విప్పితే మళ్ళీ ఏడు రాత్రుల తరవాతే సర్దడం. మనం పడుకుని లేచేసరికి ఊళ్ళే మన దగ్గరికి వస్తాయి. పెద్దవాళ్ళతో ఇంతకన్నా సుఖమైన ప్రయాణం లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఇందులో జరిగిన తప్పు ఓడది కాదు, నాది.

ముందుగా వీసా సంగతి ఒక్క ముక్క, మనవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు కాబట్టి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఓడైనా మధ్యలో కెనడాలో ఆగుతుంది. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా కట్టుకున్న ఓడ అమెరికా రేవుల మధ్యనే జనాన్ని తిప్పుతూ కూర్చోకూడదు. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్‌దో పనామాదో బెర్ముడాదో జెండా కట్టుకున్నవే. అందుకని ఆఖరిరోజు సాయంత్రం విక్టోరియాలో కాసిని గంటలు ఆగి మొక్కు తీర్చుకుంటాయి. ఆ మొక్కు కోసం ఇండియా పాస్‌పోర్టు వాళ్ళకి కెనడా వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు. "నేను దిగనండీ, గదిలోనే కూర్చుంటాను" అంటే ఓడవాళ్ళు వినరు. అమ్మానాన్నలు ఇండియాలో ఉండగానే వాళ్ళకి కెనడా వీసా కూడా వేయించాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను బుద్ధిమంతుణ్ణే.

ఇక గది. ఓడలో గదులు నాలుగు రకాలు. లోపలి గది, దానికి కిటికీ ఉండదు. సముద్రం కనపడే గది, దానికి కిటికీ ఉంటుంది గానీ తెరుచుకోదు. బాల్కనీ గది, అంటే గాజు తలుపు తీసుకుని బయటికెళితే రెండు కుర్చీలు, ఓ బుల్లి బల్ల. ఆపైన సూట్లు... అవి మనకి అప్రస్తుతం. ఒకప్పుడు ఓడలో సొంత బాల్కనీ అంటే ఏ కొద్దిమంది ధనవంతులకో ఉండేది. 1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్ అనే ఓడలో ప్రయాణికుల గదులన్నిటినీ బయటివైపుకే పెట్టి, చాలావాటికి బాల్కనీలు కట్టారు. ఆ తరవాత అందరూ అదే దారి పట్టారు. ఇప్పుడు కొత్త ఓడని దూరంనుంచి చూస్తే కూకట్‌పల్లిలో అపార్టుమెంటుని నీళ్ళమీద వదిలేసినట్టుంటుంది.

రెండు వారాలు దీని మీదే కూర్చున్నాను. మనకి ఒక పని దొరికితే స్ప్రెడ్‌షీట్ తెరవకుండా ఉండలేం కదా. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంత చదవలేదు. చదివినదాంట్లో పనికొచ్చేవి మాత్రం చెబుతాను.

ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. చిన్నప్పుడు ఎర్రబస్సులో ఆఖరి సీట్లో కూర్చున్నవాళ్ళకి దీన్ని వేరే వివరించక్కర్లేదు. గతుకు ఒకటే, ముందు కూర్చున్నవాడు కదులుతాడు, వెనక కూర్చున్నవాడు ఎగురుతాడు. గదికి పైన ఏముందో, కింద ఏముందో చూసుకోవాలి. పైన గదులుండి, కింద కూడా గదులుంటే నిశ్చింత. పైన ఈతకొలనో, భోజనశాలో ఉంటే తెల్లారకుండానే కుర్చీలు ఈడుస్తారు. రెండు గదుల మధ్య తలుపు ఉన్నవి వద్దు, పక్కవాళ్ళ గురక మన గురకలా వినిపిస్తుంది. బాల్కనీ ముందు ప్రాణరక్షణ పడవ వేలాడుతుంటే తక్కువ ధరకి ఇస్తారు. ఓడ నమూనాలో ఆ పడవ గుర్తు చూసుకోకుండా "భలే చవగ్గా దొరికింది" అని ఎగిరితే, వారం రోజులూ నారింజరంగు పడవ కప్పుని చూస్తూ కాఫీ తాగాలి. గది నంబరు ముందు చెప్పకుండా "ఏదో ఒకటి ఇస్తాం" అనే టికెట్లు ఇంకా చవక. నంబరు మన చేతిలో లేకపోతే నాకు నిద్రపట్టదు కాబట్టి ఆ జోలికి పోలేదు.

కుడివైపా, ఎడమవైపా అన్నది ఇంకో పెద్ద పురాణం. ఇంగ్లండు నుంచి ఇండియా వచ్చే దొరలు ఎండ తగలకుండా వెళ్ళేటప్పుడు ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు గదులు తీసుకునేవారనీ, ఆ మాటల మొదటి అక్షరాలనుంచే 'పాష్' అన్న మాట పుట్టిందనీ ఓ కథ. ఇంగ్లీషు నిఘంటువులవాళ్ళు దాన్ని ఒప్పుకోరు, అలా ముద్ర వేసిన టికెట్టు ఒక్కటీ దొరకలేదు. కథ మాత్రం భలే ఉంది. అలాస్కాకి వాంకూవర్‌లో ఎక్కి ఉత్తరానికి ఒకే వైపు వెళ్ళేవాళ్ళకి కుడివైపు మంచిదంటారు, ప్రధాన భూభాగం అటే ఉంటుంది. సియాటిల్‌లో ఎక్కి అక్కడే దిగేవాళ్ళకి వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, చెల్లుకి చెల్లు. పైగా సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమరగా, బాహాటంగా పసిఫిక్ సముద్రంలోంచి పోతాయి. మొదటిరోజు ఏ పక్కనున్నా కనిపించేవి నీళ్ళే. ఈ ఆఖరి వాక్యం నేను చదివాను, చదివి వదిలేశాను. దాని సంగతి తరవాత.

ఇక ధర. మాకు చూపించిన లెక్క ప్రకారం లోపలి గది మనిషికి 750 డాలర్లు, బాల్కనీ గది 1,450. టిప్పుల పేరుతో రోజుకి మనిషికి 16 చొప్పున వేసేది అదనం. మేం అయిదుగురం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఒక గదిలో. అమ్మ, నాన్నగారు ఒక గదిలో. రెండో బాల్కనీ తీసుకుంటే 1,400 డాలర్లు ఎక్కువ, అంటే అప్పటి లెక్కలో 1,16,000 రూపాయలు.

ఓడలు తెగ తిరిగేవాళ్ళు చెప్పే ఓ చిట్కా నాకు తెగ నచ్చేసింది. ఒక బాల్కనీ గది తీసుకోండి, నడవాకి ఎదురుగా ఒక లోపలి గది తీసుకోండి. పడుకునేటప్పుడు తప్ప అందరూ బాల్కనీలోనే ఉంటారుగా, ఒకే బాల్కనీకి రెండుసార్లు డబ్బులెందుకు? ఎంత చక్కటి ఆలోచన! మనం రోజూ ఆఫీసులో చేసే పనే కదా ఇది. ఒక్క సర్వరు, పంచుకునేవాళ్ళు ఎక్కువ. బాల్కనీ మాకు, లోపలి గది అమ్మావాళ్ళకి అని లెక్కేశాను. పిల్లకి మూడో మంచం కావాలి, లోపలి గదిలో ముగ్గురంటే ఇరుకు అని కారణం కూడా రాసుకున్నాను.

మా ఆవిడ షీటు చూసి, "అత్తయ్యగారికీ మావయ్యగారికీ బాల్కనీ ఇచ్చేసి మనమే లోపల పడుకుందామండీ" అంది. నేను ఫోనులో అమ్మని అడిగాను. "మాకెందుకురా బాల్కనీలూ అవీ, పడుకోడానికి ఇంత చోటుంటే చాలు. పిల్లకి ఇవ్వండి" అంది. నాన్నగారు వెనకనుంచి "అనవసరపు ఖర్చు" అన్నారు. ఇంకేం, రిక్వైర్మెంట్ మీద సంతకం అయిపోయింది. క్లయింటే వద్దన్నాక మనం ఎందుకు కడతాం?

ఇరవయ్యేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నాను. రెండోసారి వడ్డించబోతే "చాలు" అనడానికి అర్థం ఏంటో తెలియనివాణ్ణి కాదు. ఆ ఒక్కరోజు మాత్రం 1,400 డాలర్లు ఆ మాటకి అక్షరార్థం చెప్పాయి.

ఓడెక్కాం. అంతా బ్రహ్మాండం. సియాటిల్ వదులుతుంటే అయిదుగురం మా బాల్కనీలో కిక్కిరిసి నిలబడి ఫోటోలు తీసుకున్నాం. చూశావా, లెక్క కరెక్టే అన్నట్టు మా ఆవిడ వైపు చూశాను కూడా. రాత్రి పదింటికి అమ్మావాళ్ళు ఎదురు గదిలోకి వెళ్ళారు. ఆ నడవా వెడల్పు నాలుగడుగులు ఉంటుందేమో.

అర్ధరాత్రి దాటాక ఓడ పసిఫిక్‌లోకి వచ్చింది. మాకు మామూలుగా ఉయ్యాల్లో ఉన్నట్టుంది. పొద్దున్న ఆరున్నరకి కాఫీకని తలుపు తీస్తే నాన్నగారు నడవాలో నిలబడి ఉన్నారు. చొక్కా వేసుకుని, చేతిలో ఫ్లాస్కు.

"ఎంతసేపయింది లేచి?"

"ఏమో. టైమెంతో తెలీలేదు. లైటు వేస్తే మీ అమ్మ లేస్తుందని వెయ్యలేదు."

ఆయన యాభైయేళ్ళనుంచీ నాలుగున్నరకి లేచే మనిషి. ఆ గదిలో లైటు తీసేస్తే చెయ్యి ముఖం ముందు పెట్టుకున్నా కనపడదు. పొద్దో రాత్రో తెలీదు. జూన్ నెలాఖరు, అక్కడ ఆ వేళకి బాగా తెల్లారిపోయి ఉంటుంది. ఆయన మాత్రం చీకట్లో మంచం అంచున కూర్చుని, ఇక లాభంలేదని బయటికొచ్చి నడవాలో పచార్లు మొదలెట్టారు. మోకాళ్ళ నొప్పులతో.

అమ్మ పరిస్థితి ఇంకా కనాకష్టం. రెండింటినుంచీ వాంతులట. అల్లం మరబ్బా చప్పరిస్తూ బాత్‌రూం తలుపు దగ్గర కూర్చుందట. ఓడ ఊపుకి తల తిరిగినప్పుడు దూరంగా కదలకుండా ఉండే గీతని, అంటే ఆకాశం నీళ్ళు కలిసేచోటుని, చూస్తే నెమ్మదిస్తుంది. ఇది పాత నావికుల కిటుకు. లోపల చెవి కదులుతున్నావంటుంది, కన్ను లేదంటుంది, ఆ తగాదా తీరాలంటే కంటికి కూడా కదలిక కనపడాలి. నాలుగు గోడల మధ్య ఎక్కణ్ణుంచి కనపడుతుంది?

"తలుపు కొట్టాల్సింది కదమ్మా!"

"పిల్ల లేస్తుందని..." అంది.

ఇక్కడొక పాత సంగతి చెప్పాలి. మా ఊరినుంచి రాజమండ్రి వెళ్ళాలంటే అరగంటకో బస్సు, అదీ నిండుగా. బస్సు ఇంకా ఆగకముందే నాన్నగారు పక్కనే పరిగెత్తుతూ కిటికీలోంచి తువ్వాలు విసిరేవారు. ఆ సీటు నాది. ఆయన నా పక్కన, రెండోవైపు నిలబడ్డవాళ్ళ సంచులు భుజానికి తగులుతుండగా కూర్చునేవారు. కిటికీ పక్క సీటు ఆయనకి కావాలేమో అని నాకెప్పుడూ అనుమానం కూడా రాలేదు. గాలి నాకు, కొబ్బరిచెట్లు నాకు, గోదావరి బ్రిడ్జి మీద వెయ్యడానికి పావలా బిళ్ళ నాకు. ఆ రోజు నడవాలో ఆయన్ని చూస్తుంటే గుర్తొచ్చింది మరి, తువ్వాలు.

అమ్మని మా బాల్కనీలోకి తీసుకొచ్చి, దుప్పటి కప్పి, కుర్చీలో కూర్చోబెట్టాం. ఇరవై నిమిషాలకి "కాస్త మజ్జిగ దొరుకుతుందా ఇక్కడ" అంది. గండం గడిచిందని అర్థమైంది. మా ఆవిడ నాతో ఒక్క మాట అనలేదు. మా సామాన్లు సర్దడం మొదలెట్టింది, అంతే.

గదులు మార్చుకోవడం పెద్ద పనేం కాదు. కింద కౌంటర్లో అడిగితే రెండు గదులకీ అదనపు తాళం కార్డులిచ్చారు. ప్రమాదం వస్తే ఎవరెక్కడ గుమిగూడాలన్నది మాత్రం పాత గది ప్రకారమేనన్నారు. కష్టమైనది అమ్మని ఒప్పించడం. "పిల్లకి కిటికీ లేకపోతే ఎలా, మేం ఈ రాత్రికి సర్దుకుంటాం" అని ఒకటే గోల. చివరికి మా అమ్మాయే తేల్చేసింది. లోపలి గదిలో పైకప్పులోంచి కిందికి దించే మంచం ఉందని దానికి తెలిసిపోయింది, నిచ్చెన వేసుకుని ఎక్కాలి. "నాయనమ్మా, నాకు ఆ గదే కావాలి, ప్లీజ్!" అంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ లోపలి గదిలో నేను పదేళ్ళలో పడుకోనంత నిద్ర పడుకున్నాను. చీకటి, చల్లదనం, ఫోను సిగ్నలు లేదు, పేజర్ డ్యూటీ లేదు. జూనోలో రాత్రి పదింటికి కూడా వెలుగు ఉంటుంది. బాల్కనీ గదివాళ్ళు తెరలు లాక్కుంటుంటే మాకు ఆ బాధే లేదు. అంటే లోపలి గది చెడ్డదేం కాదు. పన్నెండు గంటలకి పడుకుని ఎనిమిదింటికి అలారం కొడితే గానీ లేవలేని మనలాంటివాళ్ళ కోసమే దాన్ని కట్టారు. నా షీటులో ధర ఉంది, అంతస్తు ఉంది, కుడి ఎడమలున్నాయి, 'ఎన్నింటికి లేస్తారు' అన్న కాలమ్ మాత్రం లేదు.

ఇక అమ్మానాన్నలు ఆ బాల్కనీని వాడుకున్న తీరు చూడాలి. మేం చుట్టపుచూపుగా వెళ్ళడం మొదలెట్టాం. నాన్నగారు నాలుగింటికే శాలువా కప్పుకుని బయట కూర్చుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, డైరీలో ఏదో రాసుకునేవారు. తిమింగలం కనిపిస్తే సమయంతో సహా. అమ్మ మొదటిరోజే చీర ఉతికి రెండు కుర్చీల మీదా ఆరేసింది. గది శుభ్రం చేసే కుర్రాడు, ఇండోనేసియా అబ్బాయి, ఎంతో మర్యాదగా వచ్చి బయట బట్టలు ఆరెయ్యకూడదనీ, గాలికి ఎగిరిపోతాయనీ చెప్పాడు. అమ్మకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు, అయినా ఇద్దరూ అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. మర్నాటినుంచి ఆవిడకి రెండో ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు వచ్చేవి, అడక్కుండానే.

జూనో, స్కాగ్వే గురించి ఎక్కువ చెప్పను. స్కాగ్వేలో 1900 నాటికి కట్టిన చిన్న రైలొకటి కొండెక్కుతుంది, నడవలేనివాళ్ళకి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఎక్కేటప్పుడు ఎడమవైపు కూర్చోవాలి. ఇక్కడ మాత్రం ముందే పరిగెత్తి నేనే సీటు పట్టాను.

అయిదోరోజు గ్లేషియర్ బే. అది జాతీయ పార్కు, రోజుకి రెండే పెద్ద ఓడల్ని రానిస్తారు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కి మైకులో వివరిస్తూ ఉంటారు. 1794లో కెప్టెన్ వాంకూవర్ మనుషులు వచ్చినప్పుడు అక్కడ పెద్దగా అఖాతమే లేదట, అంతా మంచే. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు 30 మైళ్ళకి పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు మొదటినుంచి చివరికి 65 మైళ్ళు. "అంటే మా ముత్తాతగారి టైముకి మనం కూర్చున్న ఈ చోటంతా మంచుగడ్డే" అన్నారు నాన్నగారు.

మార్జరీ గ్లేషియర్ దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడా నేనూ పైడెక్కు మీదకి పరిగెత్తాం. అక్కడ తిరుపతి క్యూ. ముందువాడి టోపీ తప్ప ఏం కనపడక పది నిమిషాలకి కిందికి వచ్చేశాం. బాల్కనీలో నాన్నగారు, మా అమ్మాయి రెండు కుర్చీల్లో, అమ్మ తలుపు దగ్గర. ఎదురుగా మైలు వెడల్పు, నీటిపైన 250 అడుగుల ఎత్తు మంచుగోడ, నీలంగా. ఓడ అక్కడ ఆగి నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది, రెండు పక్కలవాళ్ళకీ కనపడాలని. కుడివైపా ఎడమవైపా అని నేను చేసిన రెండువారాల తపస్సు అలా నీళ్ళలో కలిసింది :)

గోడలోంచి ఓ ముక్క విరిగి పడింది. తరవాత ఉరుములాంటి చప్పుడు.

నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు మాస్టారు. "ముందు ఏం జరిగిందే?" అన్నారు మనవరాలితో.

"పడింది."

"చప్పుడో?"

"తరవాత."

"ఎంత తరవాత? ఈసారి లెక్కపెట్టు" అని తన గడియారం విప్పి దాని చేతికిచ్చారు. నలభై నిమిషాలు ఎదురుచూశారు ఇద్దరూ. అమ్మ మధ్యమధ్యలో "చలి, లోపలికి రండి" అంటూనే ఉంది, వినేవాళ్ళు లేరు. మళ్ళీ ఓ పెద్ద ముక్క పడింది. మా అమ్మాయి "ఒక సెకను కన్నా కొంచెం ఎక్కువ!" అని అరిచింది.

"శబ్దం సెకనుకి 330 మీటర్లకి కాస్త పైన వెళ్తుంది. అయితే గోడ ఎంత దూరం?"

"నాలుగొందలు?"

అప్పుడే మైకులో రేంజరు మనం గ్లేషియర్‌కి పావు మైలు దూరంలో ఉన్నాం అంది. పిల్ల 1,609ని నాలుగుతో భాగించడానికి నాన్నగారి డైరీ లాక్కుంది. 402 అని రాసి దాని కింద రెండు గీతలు గీసింది. ఆ డైరీ ఇప్పుడు ఇండియాలో ఉంది, ఫోను చేసినప్పుడల్లా "నా లెక్క దాచావా తాతయ్యా" అని అడుగుతుంది.

వచ్చే వేసవికి మా అత్తగారూ మామగారూ వస్తున్నారు. మళ్ళీ అలాస్కానే అనుకున్నాం. ఈసారి పక్కపక్కనే రెండు బాల్కనీ గదులు. మధ్యలో ఉండే అడ్డుతలుపుని చాలా ఓడల్లో అడిగితే తీసిపెడతారు, రెండూ కలిపి వసారాలా అవుతుంది. మొన్న ఆదివారం ఫోనులో ఆవిడకి చెప్పాను.

"మాకెందుకు బాబూ బాల్కనీలూ అవీ, ఓ మూల ఇంత చోటుంటే చాలు" అన్నారు.

"అలాగేనండీ" అన్నాను. అప్పటికి బుక్ చేసి రెండు రోజులయింది.